ఒక్క అంకెతో చదువును కొలువవచ్చునా?

పరీక్షల తరువాత మార్కుల చీటీ ఇంటికి రాగానే తల్లిదండ్రులు మొదట చూచునది మొత్తము మార్కులు. తరువాత అడుగునది ప్రక్కింటి పిల్లవాని మార్కులు. తమ బిడ్డకు ఏమి వచ్చినది, ఏమి రాలేదు అను ప్రశ్నకు ఆ చీటీలో జవాబు ఉండదు. లేని జవాబును వెదకలేదని వారిని తప్పుపట్టుట న్యాయము కాదు. దానిని వ్రాసి పంపవలసిన బాధ్యత ఉపాధ్యాయులమైన మాది.

ఏడవ తరగతిలో ఇద్దరు పిల్లలకు తెలుగులో 52 మార్కులు వచ్చినవనుకొందము. మొదటివాడు పాఠము చదివి దాని భావమును తన మాటలలో చక్కగా చెప్పగలడు. కాని ‘గాలి’ని ‘కాలి’ అనియు, ‘ధనము’ను ‘దనము’ అనియు వ్రాయును. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరము. ఖ, ఘ, ధ, భ వంటి ఒత్తక్షరములకు వేరు గుర్తులు లేవు. రెండు లిపులను కలిపి నేర్చుకొను మన ప్రాంతపు పిల్లలకు ఈ తడబాటు సహజము. రెండవవాడు ముత్యములవంటి అక్షరములతో తప్పు లేకుండ వ్రాయును. కాని నోట్సులో లేని ప్రశ్న అడిగినచో నోరు మెదపడు. ఒకనికి కావలసినది అక్షర సాధన. రెండవవానికి కావలసినది చదివి ఆలోచించు అలవాటు. రోగములు వేరు, మందులు వేరు. చీటీ మీద మాత్రము ఇద్దరికిని 52.

గుడియాత్తంలో లుంగీలు నేయువారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. పొడవు, పన్నా, నేత, రంగు దేనికదిగా చూచెదరు. నాలుగింటిని కూడి సగటు కట్టి బట్టకు ఒక అంకె వేయువారు లేరు.

1963లో రాబర్ట్ గ్లేజర్ అను అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు, పిల్లవానిని తోటివారితో పోల్చి కొలుచుట వేరు, నేర్వవలసిన దానితో పోల్చి కొలుచుట వేరు అని వివరించెను. మన దేశమున 2009 నాటి విద్యాహక్కు చట్టము, బిడ్డ గ్రహించినదానిని నిరంతరముగా, సమగ్రముగా పరిశీలింపవలయునని చెప్పినది. తమిళనాడులో 2012–13 విద్యా సంవత్సరమున ఎనిమిదవ తరగతి వరకు ఆ పద్ధతి వచ్చినది. తరగతిలో జరుగు పనులకు 40, పరీక్షకు 60 మార్కులు. ఉద్దేశము మంచిదే. కాని చివరకు రెంటిని కూడి, 91 దాటినవారికి ఏ1, 81 దాటినవారికి ఏ2 అని వ్రాసితిమి. అంకెకు బదులు అక్షరము వచ్చినది. లోపలి విషయము మరుగుననే ఉండిపోయినది. 2017లో పబ్లిక్ పరీక్షల ర్యాంకులను ప్రకటించుట ప్రభుత్వము మానినది. రాష్ట్రములో పోయిన ర్యాంకు మన ఇండ్లలో మాత్రము ఇంకను పోలేదు.

మరియొక చిక్కు కలదు. చదువు కాని వాటిని కూడ మార్కులలో కలుపుచున్నాము. 2020లో కరోనా వలన పదవ తరగతి పరీక్షలు రద్దయినప్పుడు, త్రైమాసిక, అర్ధసంవత్సర పరీక్షలకు 80 శాతము, హాజరునకు 20 శాతము చొప్పున మార్కులు కట్టిరి. ఆపత్కాలమున అట్లు చేసి ఉండవచ్చును. కాని బడికి వచ్చుట వేరు, పాఠము వచ్చుట వేరు.

ఈ తప్పు నేనును చేసితిని. ఆంధ్రప్రదేశ్‌లో శిక్షణ ముగించుకొని వచ్చిన క్రొత్తలో, మరియొక ఊరి బడిలో, వ్యాసపు నోటుబుక్కు ఆలస్యముగా తెచ్చుచున్న ఒక బాలికకు ప్రతిసారి మార్కులు తగ్గించుచుంటిని. తెల్లవారుజామున లేచి తల్లికి సాయముగా కండెలు చుట్టి ఆ పిల్ల బడికి వచ్చుచుండెడిది. తరగతిలో దానికంటె బాగుగా తెలుగు వ్రాయువారు లేరు. సంవత్సరాంతమున తల్లి వచ్చి, “అయ్యవారూ, మా పాపకు తెలుగే సరిగా రాలేదు గదా, ఇంక ఈ బడిలో ఉంచి ఏమి ప్రయోజనము?” అని పిల్లను మాన్పించి తీసికొనిపోయెను. నేను ఆలస్యమునకు వేసిన శిక్షను ఆమె తెలుగు రాకపోవుటగా చదువుకొనెను. నేను వ్రాసిన అంకెలో ఆ రెండింటికి భేదము లేదు మరి!

కావున నా మనవి ఇది. ప్రతి విషయమునకు ఐదారు మెట్లు నిర్ణయింతము. తెలుగుకైతే ధారాళముగా చదువుట, భావము గ్రహించుట, తప్పులేక వ్రాయుట, సొంతముగా వ్రాయుట, నలుగురిలో మాటలాడుట. ఒక్కొక్కదాని ఎదుట ‘వచ్చినది’, ‘వచ్చుచున్నది’, ‘ఇంకను రాలేదు’ అని వ్రాయుదము. హాజరు, శుభ్రత, సమయపాలనములకు వేరు గడి ఉండవలెను. తరువాత నేర్చుకొన్న పిల్లవానికి పాత గుర్తును కొట్టివేసి క్రొత్తది వ్రాయవలెను. ఆలస్యముగా వచ్చిన చదువు కూడ చదువే.

పదవ తరగతిలో అడుగునది మార్కులే గదా అని మీరు ప్రశ్నింపవచ్చును. నిజమే. కాని తొమ్మిదవ తరగతి వరకు లోపమెక్కడ ఉన్నదో తెలిసికొన్నవాడే ఆ పరీక్షలో నిలువగలడు. 2006 నాటి చట్టము ననుసరించి తమిళమును గూడ నేర్వవలసిన మన పిల్లలకు ఇది మరింత అవసరము. తమిళములో వెనుకబడినవాడు బుద్ధిలో వెనుకబడినట్లు కాదు. ఏ మెట్టుమీద ఆగినాడో తెలిసినచో చేయి అందింపవచ్చును.

తల్లిదండ్రులారా! ఇకమీదట బడికి వచ్చినప్పుడు “మావానికి ఎన్ని వచ్చినవి?” అని గాక, “మావానికి ఏమి వచ్చినది?” అని మమ్ము అడుగుడు. జవాబు చెప్పలేకపోయినచో సిగ్గుపడవలసినది మేము. మీ బిడ్డ కాదు.