హార్ప్ మీద జాజ్ పలికించిన డొరోతీ

హార్ప్ తెలుసుగా? బొమ్మల్లో దేవదూతలు పట్టుకుని ఉంటారే, ఆ తీగల వాయిద్యం. కచేరీల్లో వాడేదయితే మనిషంత ఎత్తుంటుంది. 47 తీగలు, కింద 7 పెడల్సు. జాజ్ సంగీతంలో స్వరాలు గబగబా మారిపోతుంటాయి కాబట్టి చేతులతోపాటు కాళ్ళూ పరిగెత్తాల్సిందే. (కుట్టుమిషను తొక్కేవాళ్ళకి ఆ అవస్థ కొంచెం తెలుస్తుంది లెండి!)

అమెరికాలో డెట్రాయిట్‌కి చెందిన నల్లజాతి మహిళ డొరోతీ యాష్‌బీ 1950లలో పియానో నుంచి దీనికి మారింది. బాకాలు, డ్రమ్ముల మధ్య హార్ప్ ఏమిటన్నారు. ఆవిడ ఆగలేదు. 1957లో మొదటి రికార్డు, 1968లో 'ఆఫ్రో-హార్పింగ్' తెచ్చింది. తర్వాత ఎక్కువగా ఇతరుల పాటలకే వాయించింది. 1976లో స్టీవీ వండర్ పాడిన 'ఇఫ్ ఇట్స్ మ్యాజిక్'లో ఆయన గొంతు వెంట నడిచేది ఆవిడ హార్పే. పాట లోకమంతా విన్నది, వాయించినావిడ పేరు ఎవరడిగారు చెప్పండి? 1986లో కన్నుమూసింది. ఆ పాట దొరికితే ఒక్కసారి తీగలవైపే చెవిపెట్టి వినండి.