మోకాలి మార్పిడి దగ్గర్లోనే.. మరి ఇన్‌ఫెక్షన్ల లెక్క ఎవరి దగ్గర?

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లను ఆపరేషన్ కోసం హైదరాబాద్‌కో, కర్నూలుకో తీసుకెళ్లే తిప్పలు ఇక తగ్గుతాయని ఇక్కడి జనం ఆశ. అది న్యాయమైన ఆశే. కాకపోతే కొత్త కీలు బిగించడం సగం పనే. దానికి సూక్ష్మక్రిమి అంటకుండా చూడటం మిగతా సగం.

ఎందుకంత భయం?

కీళ్ల మార్పిడి చేయించుకున్న ప్రతి 100 మందిలో సుమారు ఒకరిద్దరికి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. మామూలు పుండైతే మందులతో మానుతుంది. ఇక్కడ అలా కాదు. బ్యాక్టీరియా లోహం మీద జిగురు పొరలా అతుక్కుంటుంది, ఆ పొరలోకి యాంటీబయాటిక్ సరిగా చేరదు. చాలాసార్లు పెట్టిన కీలును తీసేసి, వారాల తరబడి మందులిచ్చి, మళ్లీ కొత్తది వేయాల్సి వస్తుంది. అంటే ఒక ఆపరేషన్ కాస్తా మూడవుతుంది.

తేడా ఎక్కడొస్తుంది?

థియేటర్‌లో ల్యామినార్ ఎయిర్‌ఫ్లో ఉందని ఆసుపత్రులు గొప్పగా చెప్పుకుంటాయి. కీళ్ల మార్పిడిలో ఇన్‌ఫెక్షన్ తగ్గించడానికి దాన్ని వాడనక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే సూచించింది. అది గట్టిగా చెప్పినవి ఖర్చు లేని పనులు: కోతకు ముందు 2 గంటల లోపు యాంటీబయాటిక్ ఇవ్వడం, రేజర్‌తో వెంట్రుకలు గీయకపోవడం, ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం శుభ్రం చేయడం.

అసలు చిక్కు పరికరాల దగ్గర ఉంది. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒకే రోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే, ఇన్‌ఫెక్షన్‌తో నలుగురు మహిళలు చనిపోయారు. ఒకదాని వెంట ఒకటి ఆపరేషన్లు జరిగితే మధ్యలో పరికరాలు కడిగి, ఆటోక్లేవ్‌లో పెట్టే సమయం ఉండాలి. మోకాలి మార్పిడికైతే ఇంకా ఎక్కువ ఉండాలి. పరికరాల ట్రేలు చాలాచోట్ల ఇంప్లాంట్ కంపెనీ నుంచి అరువుగా వస్తాయి. అవి పొద్దున దిగి పదింటికే థియేటర్‌లోకి వెళ్తే ఎవరు కడిగినట్టు? ముందురోజే తెప్పించి, ఆసుపత్రిలోనే శుద్ధి చేయాలి.

మోకాలి ఇంప్లాంట్ ధరకు కేంద్రం 2017లో పరిమితి పెట్టింది. ఇన్‌ఫెక్షన్ల లెక్క మాత్రం ఏ బోర్డు మీదా కనబడదు. పైగా అది డిశ్చార్జి అయ్యాక, ఇంటి దగ్గర బయటపడొచ్చు. అందుకే 90 రోజుల దాకా ఫోన్ చేసి కనుక్కునే నర్సు ఒకరు ఉండటం కొత్త ఏసీ కన్నా అవసరం.

మీ వంతు ఏంటి?

షుగర్ ఉంటే ఆపరేషన్‌కు ముందే అదుపులోకి తేవాలి, పొగ మానాలి, పంటి చీము ఉంటే చూపించుకోవాలి. ఇంటికొచ్చాక గాయం నుంచి నీరు కారినా, నొప్పి తగ్గి మళ్లీ పెరిగినా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ మొదలుపెట్టొద్దు. ముందే మాత్రలు మింగితే పరీక్షలో క్రిమి దొరక్కపోవచ్చు. ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికే, ఆ రోజే వెళ్లండి.