గోష్ఠికి భావకుడే ప్రాణము

పట్టిసీమ రేవున నిలిచి చూచువారికి గోదావరి నడుమ దేవకూటాద్రిపై వీరభద్రేశ్వర భావనారాయణ స్వాముల ఆలయములు కన్పట్టును. మహాశివరాత్రినాడు ఆ ఇసుక తిన్నెలపై ఎంతటి జనసమ్మర్దమున్నను, తక్కిన దినములలో అది ప్రశాంత ప్రదేశమే. ఇట్టి నదీతీర గ్రామములలో ఒకనాడు పద్యమో కథయో వ్రాసిన యువకుడు దానిని తెలిసినవారికి వినిపింప గోరినచో, ఏటి వెంబడి కొవ్వూరునకు వచ్చి, ఆవలి యొడ్డున నున్న రాజమహేంద్రవరమునకు చేరవలసి యుండెడిది. 1898లో నాళము కృష్ణారావుగారు నెలకొల్పగా కాలక్రమమున గౌతమీ గ్రంథాలయముగా ప్రసిద్ధి చెందిన విద్యాస్థానము వంటి తావులే అట్టివారికి ఆశ్రయములు. నేడు ఆ ప్రయాణము అనివార్యము కాదు. సెల్‌ఫోను ముందు కూర్చుండియే రచయితలు ఒండొరుల రచనలను విని, వాని గుణదోషములను చర్చించు అంతర్జాల గోష్ఠులు వెలసినవి. 2020లో కరోనా వ్యాధి మనుష్యులను ఇండ్లలో నిర్బంధించిన పిదప ఇవి మరింత వ్యాపించినవి.

వీనిని గూర్చి ప్రాచ్యకళాశాలల పండితులలో ఉపేక్షయే ఎక్కువ. శాస్త్రపరిచయము లేనివారి కాలక్షేపమని కొందరు తలతురు. ఈ తలపు సమంజసము కాదు. గోష్ఠి ఏ సాధనము ద్వారా జరిగినదను ప్రశ్న అప్రధానము. అందు భావకుడు కలడా లేడా యనునదే ప్రధానము.

తెలుగు సాహిత్యము సహృదయ సాహచర్యముతోనే ఆరంభమైనది. రాజరాజనరేంద్రుని ఆస్థానమున నన్నయభట్టు మహాభారతమును తెనిగించునపుడు, భారతరణమున అర్జునునకు శ్రీకృష్ణుడు తోడైనట్లు తనకు నారాయణభట్టు తోడ్పడెనని అవతారికలో కృతజ్ఞతతో చెప్పుకొనెను. క్రీ.శ. 1053 నాటి నందంపూడి శాసనము ఆ నారాయణభట్టును సంస్కృత, కర్ణాట, ప్రాకృత, పైశాచిక, ఆంధ్రభాషలలో కవిగా కీర్తించుచున్నది. ఆదికవికి లభించినవాడు కేవలము స్తుతిపాఠకుడు కాడు, బహుభాషావేత్తయైన సహాధ్యాయి. గోదావరీ తీరమున పుట్టిన ఈ ఆదర్శమును గోష్ఠులను విమర్శించువారును, నిర్వహించువారును సమానముగా స్మరింపవలెను.

గోష్ఠి ధర్మమును రాజశేఖరునంత విపులముగా నిరూపించిన ఆలంకారికుడు అరుదు. ఆయన కావ్యమీమాంసను పదునెనిమిది అధికరణములుగా సంకల్పించినను, నేడు మనకు లభ్యమైనది కవిరహస్యమను ప్రథమాధికరణము మాత్రమే. బరోడా నుండి 1916లో గాయక్వాడ్ ప్రాచ్యగ్రంథమాలకు తొలి కుసుమముగా అది ప్రకటితమైనది. అందు నాల్గవ అధ్యాయమున ప్రతిభ కారయిత్రి, భావయిత్రి యని రెండు విధములుగా చెప్పబడినది. మొదటిది కవికి ఉపకరించునది. రెండవది భావకునకు ఉపకరించునది. భావకులు నాలుగు తెఱగులవారు. ఏదియు రుచింపనివాడు అరోచకి. గడ్డితో కూడ ధాన్యమును మేయు పశువువలె సర్వమును మెచ్చువాడు సతృణాభ్యవహారి. గుణము తెలిసియు పరుల విషయమున నోరు మెదపనివాడు మత్సరి. పదముల కూర్పును వివేచించి, రసమును ఆస్వాదించి, నిగూఢ తాత్పర్యమును వెదకువాడు తత్త్వాభినివేశి. ఇట్టివాడు వేలలో ఒక్కడని గ్రంథకర్తయే చెప్పెను.

నేటి గోష్ఠులను ఈ గీటురాతిపై గీసి చూచిన, సతృణాభ్యవహారుల ఆధిక్యము స్పష్టమగును. రచన ముగిసిన మరుక్షణమే 'అద్భుతము', 'అమోఘము' అను పలుకులు వెల్లువెత్తును. చెప్పినవారి మనస్సు మంచిదే. విన్న రచయితకు కలుగు లాభము మాత్రము శూన్యము. ఏ పదము నిలిచినది, ఏ వాక్యము సడలినది అతనికి తెలియదు. రెండవ కథలోను మొదటి కథలోని దోషమే వచ్చును. ప్రోత్సాహము లేనిచో క్రొత్తవారు కలము విడుతురని నిర్వాహకులు వాదింతురు. అది కొంత నిజము. కాని కలము విడువకుండుట యొక్కటియే రచన కాదు. దోషము చూపక పొగడినవాడు ఆ క్షణమున ప్రియము చేకూర్చినను, హితము చేకూర్పడు.

కావ్యమీమాంస పదవ అధ్యాయములోని కవిచర్య ఇచట మార్గదర్శకము. పగటి నాలుగు యామములలో మొదటిది విద్యాభ్యాసమునకు, రెండవది కావ్యరచనకు, మూడవది గోష్ఠికి వినియోగింపవలెను. నాల్గవ యామమున కవి ఒంటరిగానో, మితమైన పరిషత్తుతోనో ఉదయము వ్రాసినదానిని పరీక్షింపవలెను. రసావేశమున వ్రాయునపుడు వివేచనదృష్టి యుండదు గనుక ఈ పునఃపరీక్ష యావశ్యకము. అధికమైనదానిని త్యజించుట, కొరవడినదానిని పూరించుట, అస్థానమున నున్నదానిని మార్చుట, మరచినదానిని అనుసంధించుట - ఈ నాలుగే ఆ పరీక్షలోని కార్యములు. రచనాశిల్పమును గూర్చి నేడు వెలువడు పెక్కు పుస్తకముల సారమంతయు ఈ నాలుగు మాటలలో నిమిడియున్నది.

నేటి గోష్ఠులలో మూడవ యామము కలదు, నాల్గవది లోపించినది. అర్ధరచితమైన కావ్యమును పరుల యెదుట చదువరాదనియు, చదివినచో అది సమాప్తి నొందదనియు రాజశేఖరుడు హెచ్చరించెను. నేడు మొదటి ప్రకరణము ముగియగనే సభలో చదువుట వాడుకయైనది. విన్నవారి మెప్పుతో రచయిత తనిసిపోవును. రెండవ ప్రకరణము పుట్టకయే పోవును. వేరొక విషయమున మాత్రము నూతన సాధనము శాస్త్రమునకు అనుకూలమే. క్రొత్త రచనను ఒంటరివాని యెదుట చదివినచో, అతడది తనదని పలికిననాడు సాక్షి యెవరని ఆ యాలంకారికుడు శంకించెను. పూర్తియైన గ్రంథమునకు పెక్కు ప్రతులు తీయించుమనియు, అగ్నిజలాదులు గ్రంథనాశ హేతువులనియు చెప్పెను. పలువురి సమక్షమున చదివి, తేదీతో భద్రపరచి, పెక్కుచోట్ల ప్రతులుంచుకొను సౌకర్యము నేడు సామాన్యునకును లభించినది. వరదల గోదావరి చెంత తాళపత్రములను కాపాడుకొనవలసి వచ్చిన జాతి ఈ మేలును తృణీకరింపరాదు.

నియమబద్ధమైన గోష్ఠి ఫలించుననుటకు నిదర్శనములు కలవు. 1920 ప్రాంతమున తెనాలిలో తల్లావజ్ఝల శివశంకరశాస్త్రిగారి సారథ్యమున వెలసిన సాహితీసమితి నవ్యకవులను ఒక్కచోట చేర్చినది. అమెరికాలో 1998లో ఆరంభమైన డెట్రాయిట్ తెలుగు సాహితీసమితి సభ్యులు నిర్ణీత గ్రంథమును ముందుగా చదివి వచ్చి, కూడి చర్చించు పద్ధతిని పాటించిరి. వ్యాసములను గ్రంథములుగాను ప్రకటించిరి. వారిలో అనేకులకు సాహిత్యము వృత్తి కాదు. ముందుగా చదువుట యను నియమమే వారి చర్చకు బలము.

మరి భావకులను తయారుచేయవలసినవారెవరు? పాఠశాలా సంప్రదాయమున శ్లోకమును 'బాగున్నది' యనుటకు పూర్వము విద్యార్థి పదచ్ఛేదము చేసి, అన్వయము చెప్పి, విగ్రహవాక్యములు పలికి, తాత్పర్యము నివేదింపవలెను. ఆ పిమ్మటనే అలంకార విచారము, రసవిచారము. సహాధ్యాయులతో కూడి చేయు చింతనలో ఎంతటి మిత్రుడైనను అన్వయదోషమును విడిచిపెట్టడు. తత్త్వాభినివేశిని తీర్చిదిద్దు ఈ శిక్షణ ప్రాచ్యకళాశాలల సొత్తు. ఆ సొత్తు మన గదులలో మిగిలి, గోష్ఠులు దాని కొఱకు అలమటించుట విచారకరము.

కావున ప్రతి ప్రాచ్యకళాశాలయు వారమునకొక గంటను రచయితల గోష్ఠికి కేటాయించుట యుక్తము. పట్టిసీమ వంటి గ్రామములలోని రచయితలను అంతర్జాలము ద్వారానే అందులో చేర్చుకొనవచ్చును. నియమములు మూడు చాలును. పూర్తియైన రచననే స్వీకరించి, ముందుగా అందరును చదివి రావలెను. రచన ఏమి చెప్పుచున్నదో అన్వయించి చెప్పకుండ ఎవరును మెచ్చరాదు, నిందింపరాదు. వారము గడచిన పిదప సంస్కరించిన ప్రతిని రచయిత మరల వినిపింపవలెను. ఇదియే లోపించిన నాల్గవ యామము.

దీనివలన రచయితకు మాత్రమే కాదు, శాస్త్రమునకును మేలు కలుగును. లక్షణము లక్ష్యమును ఎదుర్కొననినాడు అది పరీక్షాపత్రములకే పరిమితమగును. నేడు వ్రాసిన కథపై నేటి విద్యార్థి రాజశేఖరుని నాలుగు కార్యములను ప్రయోగించిననాడు కావ్యమీమాంస సజీవశాస్త్రమగును. నన్నయకు తోడైన నారాయణభట్టు ఎక్కడినుండియో ఊడిపడలేదు, విద్యచే రూపొందినవాడు. అట్టివారిని రూపొందించు బాధ్యత అధ్యాపకులది.