విశ్వవిద్యాలయపు తోటలో మన రైతు నేర్వవలసినది

పశ్చిమ గోదావరి జిల్లా వెంకటరామన్నగూడెమున 2007వ సంవత్సరమున ఉద్యాన విశ్వవిద్యాలయము వెలసినది. అచటి కృషి విజ్ఞాన కేంద్రము రైతులకు శిక్షణ నిచ్చుచున్నది. ఇట్టి తోటలకు మన సభ్యులు పోవుట మెచ్చదగినదే. కాని ఉపన్యాసములు విని, భోజనము చేసి మరలి వచ్చిన నేమి ఫలము?

మామిడి అంటు సంగతియే చూడుడు. కట్టుటకు వారము పది దినములు ముందుగా తల్లిచెట్టు రెమ్మకు ఆకులు కోసి తొడిమలు మాత్రము నిలుపవలయును. అప్పుడు మొగ్గ యుబ్బును. పిదప రెమ్మ మొదలు రెండువైపుల ఏటవాలుగ చెక్కి, టెంకమొక్క చీలికలో దింపి, బెరడు బెరడుతో కలియునట్లు పట్టీ బిగింపవలయును. ఎంత బిగింపవలెనో చేతికే తెలియవలెను.

బంగినపల్లి యని నమ్మి నేను కొన్న మొక్కలు అయిదవయేట కాచినపిదప వేరుజాతియని తేలెను. తల్లిచెట్టును చూపుమని యడుగవలెనని నాకు నాడు తెలియదు. పోయిన యేండ్లను ఎవరు తిరిగి యిత్తురు?

కావున సంఘమువారు దారిఖర్చు లిచ్చి ఊరికి ఇద్దరిని, అందొక స్త్రీని, పంపవలయునని నా యభిప్రాయము. పెరటి మొక్కలకు నీరు పోయువారు వారే గదా! అంటుకట్టు వానకాలమే మనకు వరినాట్ల కాలము. శిక్షణ ఒక్కపూటతో ముగించి, ప్రతివారిచేత కత్తి పట్టించి పది అంటులైన కట్టింపుడని తోటవారిని వ్రాసి కోరుదము. ఆ మొక్కలను ఇంటికి తెచ్చుకొననిచ్చినచో, ఎన్ని చిగిర్చినవో మూడు వారములలో మనకే తెలియును.