చెమట ఒకరిది, సొమ్ము మరొకరిది

2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన బిల్లును ఆమోదించింది. బీహారు ఓటర్ల జాబితాల సవరణపై ప్రతిపక్షాల నినాదాలు మిన్నుముట్టుతుండగా 11వ తేదీన లోక్‌సభ, మరునాడు రాజ్యసభ ఆ పని ముగించాయి. సమాఖ్యల పదవులు, వాటి ఎన్నికలు, వివాదాలు తీర్చే ట్రిబ్యునలు ఇందులో ముఖ్యాంశాలు. ఇవి అవసరమైనవే. అయితే, ఆడే పిల్లవాడు ఏమి తిని ఆడాలి, కాలు విరిగితే ఎవరి వంక చూడాలి అన్న ప్రశ్నను నెరవేర్చడం ఆ చట్టం తలపెట్టిన పని కాదు. సరిగ్గా రెండు మాసాల ముందు, అదే ప్రశ్నకు అమెరికాలో ఒక న్యాయస్థానం తనకు తోచిన సమాధానం చెప్పింది. ఆ సమాధానంలోని మంచి చెడ్డలను మనం తెలుసుకోవడం అవసరమని నేననుకుంటున్నాను.

అమెరికాలో కళాశాల ఆటలంటే సాయంకాలపు కాలక్షేపం కాదు. 1906లో పుట్టిన ఎన్‌సీఏఏ అనే సంస్థ అక్కడి విశ్వవిద్యాలయ క్రీడలను శాసిస్తున్నది. ఏటా మార్చిలో జరిగే బాస్కెట్‌బాల్ పోటీల ప్రసార హక్కులను 2032 వరకు పొడిగించుకోవడానికి టెలివిజన్ కంపెనీలు 2016లో ఒప్పుకున్న మొత్తం 880 కోట్ల డాలర్లు. పెక్కు రాష్ట్రాలలో ప్రభుత్వ ఖజానా నుంచి అందరికన్న ఎక్కువ జీతం తీసుకునేది గవర్నరు కాదు, విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ శిక్షకుడు. 2023 నవంబరులో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం తన శిక్షకుడు జింబో ఫిషర్‌ను గడువుకు ముందే సాగనంపినందుకు అతనికి చెల్లించడానికి ఒప్పుకున్నది దాదాపు 7.6 కోట్ల డాలర్లు. పని చేయించుకోవడానికి కాదు, పని మానిపించడానికి!

ఇంత సొమ్ము పారుతున్న చోట, ఆటస్థలంలో ఎముకలు విరగ్గొట్టుకునే విద్యార్థికి మాత్రం చదువు, భోజనం, వసతి తప్ప చిల్లిగవ్వ పుచ్చుకోవడం చిరకాలం నిషిద్ధం. దీనికి వారు పెట్టిన పేరు 'అమెచ్యూరిజం'. డబ్బు ఆశించకుండా ఆటను ఆటగా ఆడడం అని దాని అర్థం. వినడానికి సొంపుగానే ఉంటుంది. కాని తిండికి లోటు లేని ఇంగ్లీషు దొరబిడ్డలు తమ వినోదం కోసం కల్పించుకున్న ఆదర్శమిది. కూలికి పోతేనే కుండ కాలే ఇంటి బిడ్డ దానిని పాటించాలంటే ఆట మానుకోవాలి, లేదా అబద్ధమాడాలి. కార్లయిల్ ఇండియన్ పాఠశాల విద్యార్థి జిమ్ థార్ప్ 1912 ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచాడు. అంతకుముందు వేసవి సెలవులలో కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడాడన్న నేరానికి మరుసటి ఏడే వాటిని లాగివేసుకున్నారు. ఆ పోటీలలో ఏకైక విజేత ఆయనేనని ఒలింపిక్ సంఘం తిరిగి అంగీకరించింది 2022లో. అప్పటికి ఆయన కన్నుమూసి 69 సంవత్సరాలు.

నిబంధన కఠినంగా ఉన్నచోట దొడ్డిదారి విశాలంగా ఉంటుంది. మన నాటక సమాజాలకు, గ్రంథాలయ సంఘాలకు రాజపోషకులు, మహారాజపోషకులు ఉండేవారు. అక్కడి కళాశాల జట్లకు 'బూస్టర్లు' అటువంటివారు. పూర్వ విద్యార్థులైన చమురు వ్యాపారులు, కార్ల డీలర్లు, భూస్వాములు తమ జట్టు గెలవాలన్న వెర్రితో ఆటగాళ్ల చేతిలో గుట్టుగా కవర్లు పెట్టేవారు. డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయంలో ఈ భాగోతం బయటపడినప్పుడు 1987లో ఆ జట్టును ఏడాదిపాటు ఆటనుంచే వెలివేశారు. ఆ విశ్వవిద్యాలయ పాలకమండలికి అధ్యక్షత వహించి, అనంతరం టెక్సాస్ గవర్నరు పీఠమెక్కిన బిల్ క్లెమెంట్స్, చెల్లింపులు కొనసాగించాలన్న నిర్ణయంలో తానూ భాగస్వామినేనని ఆ సంవత్సరమే ఒప్పుకున్నారు. శిక్ష జట్టుకు పడింది. గవర్నరు పదవీకాలం పూర్తి చేసుకున్నారు.

చిన్నవారి తప్పుకు మాత్రం క్షమాపణ లేదు. 2010లో జార్జియా ఆటగాడు ఎ.జె. గ్రీన్ తాను తొడిగిన చొక్కాను 1,000 డాలర్లకు అమ్ముకుంటే నాలుగు ఆటల నిషేధం విధించారు. అదే చొక్కా నమూనాలను దుకాణాలలో అమ్ముకునే హక్కు విశ్వవిద్యాలయానిది. 2014లో కనెక్టికట్ జట్టును జాతీయ విజేతగా నిలిపిన షబాజ్ నేపియర్, కొన్ని రాత్రులు ఆకలితోనే పడుకుంటున్నానని పత్రికలవారితో చెప్పాడు. దేశం ఉలిక్కిపడింది. ఆ నెలలోనే భోజనాలపై ఉన్న పరిమితిని ఎన్‌సీఏఏ ఎత్తివేసింది. వేలకోట్ల వ్యాపారం నడిచే సంస్థకు తన ఆటగాళ్లకు కడుపునిండా అన్నం పెట్టాలని తోచడానికి ఒక విజేత నోరు తెరవవలసి వచ్చింది.

ఈ కోటను బద్దలు కొట్టింది పాలకుల దయ కాదు, ఆటగాళ్ల వ్యాజ్యాలు. తన పోలికతో ఒక బొమ్మను వీడియో ఆటలో పెట్టి అమ్ముకుంటున్నారని ఎడ్ ఒబానన్ అనే పూర్వ బాస్కెట్‌బాల్ ఆటగాడు 2009లో కోర్టుకెక్కాడు. 2019లో కాలిఫోర్నియా శాసనసభ ఆటగాళ్ల పక్షాన చట్టం చేసింది. 2021 జూన్‌లో ఆల్స్టన్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. ఆ తీర్పు నేరుగా చదువుకు సంబంధించిన సదుపాయాల గురించే అయినా, సంస్థ వెన్ను విరిగింది. 2021 జూలై 1 నుంచి విద్యార్థి తన పేరు, బొమ్మ, పోలికలను వ్యాపార ప్రకటనలకు ఇచ్చి సొమ్ము చేసుకోవచ్చునన్నారు. అయోవా విశ్వవిద్యాలయ క్రీడాకారిణి కెయిట్లిన్ క్లార్క్ చదువుకుంటూనే పెద్ద కంపెనీల ప్రకటనలలో కనిపించింది. 2024లో ఆమె వృత్తి క్రీడాకారిణి అయినప్పుడు మొదటి ఏటి జీతం 76,535 డాలర్లు మాత్రమే. ఆమె ఆడిన ఆ ఏటి విశ్వవిద్యాలయ ఫైనలును పురుషుల ఫైనలుకన్న ఎక్కువమంది చూశారు. ఆడపిల్లల ఆటకు గిరాకీ లేదన్నవారి నోరు దానితో మూతపడింది. ఈ మార్పును నేను మనసారా స్వాగతిస్తాను.

అయితే తలుపు తెరవగానే ముందుగా లోపలికి వచ్చినవారు సబ్బుల కంపెనీలవారు కాదు, పాత బూస్టర్లే. ఒక్కొక్క విశ్వవిద్యాలయం చుట్టూ వారు 'కలెక్టివ్' అనే నిధులు స్థాపించారు. వ్యాపార ప్రకటన పేరిట, ధర్మకార్యం పేరిట, కోరిన ఆటగాడిని తమ జట్టుకు రప్పించుకోవడానికి డబ్బు గుమ్మరించారు. తాము ధర్మసంస్థలమంటూ కొన్ని పన్ను మినహాయింపు కూడా పొందాయి. వీటిలో చాలావాటికి ఆ అర్హత లేదని 2023 జూన్‌లో అక్కడి ఆదాయపు పన్ను శాఖే అభిప్రాయపడింది. నిన్నటి కవరు నేడు చెక్కు అయింది. అంతే తేడా.

చెక్కు అయినా చేతికి వచ్చేదాకా నమ్మకం లేదు. జేడెన్ రషాడా అనే కుర్రవాడికి ఫ్లోరిడా విశ్వవిద్యాలయ అభిమానుల కలెక్టివ్‌తో 2022లో కుదిరిన ఒప్పందం విలువ కోటి 38 లక్షల డాలర్ల పైచిలుకు. కొద్ది వారాలకే అది రద్దయింది. తనను మభ్యపెట్టారని అతడు 2024లో ఫెడరల్ కోర్టులో దావా వేశాడు. ప్రతివాదులు ఆరోపణను కాదన్నారు. న్యాయం ఎటున్నా ఒకటి స్పష్టం. ఇంకా కళాశాల గడప తొక్కని పిల్లవాడు ఒకవైపు, న్యాయవాదులను వెంటబెట్టుకున్న ధనికులు మరొకవైపు కూర్చున్న బల్ల అది.

ఈ గందరగోళానికి ఒక హద్దు గీసింది 2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన హౌస్ కేసు ఒడంబడిక. గ్రాంట్ హౌస్ అనే ఈతగాడు ప్రభృతులు 2020లో వేసిన వ్యాజ్యమిది. దీని ప్రకారం పూర్వ ఆటగాళ్లకు దాదాపు 280 కోట్ల డాలర్ల బకాయిలు పదేళ్లలో చెల్లించాలి. 2025-26లో ఒక్కొక్క విశ్వవిద్యాలయం సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు తన ఆటగాళ్లకు నేరుగా పంచవచ్చు. 600 డాలర్లు, ఆపైన ఉన్న ప్రకటన ఒప్పందాలు నిజమైన వ్యాపారమా, పేరు మార్చిన కానుకా అని ఒక కొత్త కమిషను పరీక్షిస్తుంది. ఆ కమిషను జూలైలో కలెక్టివ్‌లపై కఠినంగా వ్యవహరించబోయి, ఆ నెలాఖరుకే పట్టు సడలించవలసి వచ్చింది. రాజపోషకుల బలమెంతటిదో గ్రహించడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పంపకంలోనూ న్యాయం అందరికీ ఒక్కటిగా లేదు. బకాయిలలో సింహభాగం పురుషుల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకే పోతున్నది. స్త్రీలకు సమాన అవకాశాలు కల్పించిన 1972 నాటి చట్టానికి ఇది విరుద్ధమని ఎనిమిదిమంది క్రీడాకారిణులు ఆ జూన్‌లోనే అప్పీలు చేశారు. విద్యార్థి వీసాపై వెళ్లినవారి పరిస్థితి మరీ విచిత్రం. పని చేసి సంపాదించడంపై వలస చట్టం విధించిన ఆంక్షలవల్ల సహచరుడు పుచ్చుకునే ప్రకటన సొమ్మును వారు చాలావరకు వదులుకోవలసిందే. టెన్నిస్ రాకెట్ పట్టుకుని అమెరికా కళాశాల చేరాలని కలలుగనే మన పిల్లల తల్లిదండ్రులు గమనించవలసిన సంగతి ఇది.

అన్నిటికన్న నన్ను కలవరపరిచినది ఒక పాత కేసు. 1955లో కొలరాడోలో ఫోర్ట్ లూయిస్ కళాశాల తరఫున ఆడుతూ రే డెనిసన్ అనే ఆటగాడు తలకు దెబ్బ తగిలి మరణించాడు. కార్మికుడు పనిలో చనిపోతే కుటుంబానికి ఇచ్చే పరిహారం తనకూ ఇప్పించమని అతని భార్య కోరింది. ఫుట్‌బాల్ కళాశాల చేసే వ్యాపారం కాదు కనుక అతడు ఉద్యోగి కాడని 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఇటువంటి కోరికలు తలెత్తకుండా ఎన్‌సీఏఏ ప్రచారంలోకి తెచ్చిన మాటే 'విద్యార్థి క్రీడాకారుడు'. ఆ సంస్థను 1951 నుంచి 1987 వరకు నడిపిన వాల్టర్ బయర్స్ ఈ సంగతి పదవి దిగిన తరువాత తానే రాశాడు. 1974లో ఆటలో దెబ్బ తగిలి శరీరం చచ్చుబడిన కెంట్ వాల్‌డ్రెప్‌కు 2000లో టెక్సాస్ కోర్టు చెప్పిన జవాబూ అదే. 2024 మార్చిలో డార్ట్‌మత్ కళాశాల బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు 13-2 ఓట్లతో కార్మిక సంఘం పెట్టుకున్నారు. సంవత్సరాంతానికి ఆ ప్రయత్నం విరమించుకున్నారు.

అంటే, ఆటగాడికి లక్షలు ఇవ్వడానికి ఒప్పుకున్నవారు అతడిని పనివాడని పిలవడానికి మాత్రం ఒప్పుకోవడం లేదు. దీనిలోని మర్మం గ్రహించదగినది. కానుకను ఇచ్చినవాడు ఆపివేయవచ్చు. వేతనాన్ని అలా ఆపలేడు. ప్రకటన ఒప్పందం మోకాలు బాగున్నంత కాలమే. విరిగిన మోకాలికి వైద్యం చేయించవలసిన బాధ్యత యజమానికి ఉంటుంది, అభిమానికి ఉండదు. డబ్బు విద్యార్థిని చెడగొడుతుందని వాపోయేవారితో నేను ఏకీభవించను. అతడిని చెడగొట్టేది డబ్బు కాదు, డబ్బు ఇచ్చేవాడి ముఖం చూసి బతకవలసిన స్థితి.

ఈ స్థితి మనకు కొత్త కాదు. ఢిల్లీ కుర్రవాడు తేజస్విన్ శంకర్ స్కాలర్‌షిప్‌పై కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయానికి వెళ్లి హైజంప్‌లో 2018లోను, 2022లోను అమెరికా విశ్వవిద్యాలయాల విజేత అయ్యాడు. స్వదేశంలో కామన్‌వెల్త్ జట్టులో చోటు కోసం 2022లో ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. చోటు దొరికాక కాంస్యం తెచ్చాడు. మన రైల్వేలు, పోలీసు, సైన్యం ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చాయి. ఎన్ని లోపాలున్నా అది జీతం, అది హక్కు. కాని ఆ గడప దాకా చేరేలోపు తల్లి పుస్తెలు తాకట్టు పడుతున్నాయి. ఖేలో ఇండియా పథకం కింద ఎంపికైన బిడ్డకు చేతిఖర్చులకు నెలకు 10,000 రూపాయలు ఇస్తున్నారు. ఎంపిక కాని వేలమందికి దిక్కెవరు?

దాతృత్వం మంచిది కాదని నేననడం లేదు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన పుల్లెల గోపీచంద్ శీతల పానీయపు ప్రకటనను కాదన్నారు. ప్రభుత్వమిచ్చిన ఐదెకరాలలో, నిమ్మగడ్డ ప్రసాద్ ఇచ్చిన విరాళంతో ఆయన కట్టిన అకాడమీ సైనాను, సింధును దేశానికి అందించింది. పోషణకు ఇంతకన్న ఉత్తమ నిదర్శనం ఉండదు. అటువంటి గోపీచందే, ధనవంతులు కాకపోతే పిల్లలను ఆటలవైపు పంపవద్దని 2025 ఫిబ్రవరిలో తల్లిదండ్రులకు సలహా ఇచ్చారు. ఒక మంచి దాత, ఒక గొప్ప గురువు కలిసినా పేదవాడి భయం తీర్చలేకపోయారన్నమాట. ఆ భయాన్ని తీర్చేది వ్యవస్థే.

కొత్త చట్టం సమాఖ్యల కార్యవర్గాలలో విశిష్ట క్రీడాకారులు కనీసం ఇద్దరికి, మహిళలు నలుగురికి స్థానం కల్పించింది. ఆ కుర్చీలలో కూర్చునేవారు మొదట అడగవలసినవి పెద్ద కోరికలేమీ కావు. ఆటగాడితో చేసుకునే ప్రతి ఒప్పందం అతనికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఉండాలి. ఆటలో తగిలిన గాయానికి చదువు ముగిసిన తరువాత కూడా వైద్యం అందాలి. అతని బొమ్మను అమ్మి వచ్చిన దానిలో అతని వాటా కాగితం మీద ఉండాలి. 2030లో అహమ్మదాబాదులో కామన్‌వెల్త్ క్రీడలు జరగనున్నాయి. ప్రకటనల సొమ్ము దండిగా వస్తుంది, పోషకులూ వస్తారు. వారు రాకముందే ఈ మూడు మాటలు చట్టంలోకి ఎక్కాలి. డెనిసన్ భార్యకు 1957లో దక్కని జవాబు మన దేశంలో ఏ తల్లికీ, ఏ ఇల్లాలికీ దక్కకుండా పోకూడదు.