అభ్యంతరం ఉంది, గడువే లేదు

2006 ఆగస్టులో అమెరికా ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్ తన వినియోగదారులు సెర్చ్‌లో టైపు చేసిన మాటలను మూటగట్టి బయటపెట్టింది. దాదాపు ఆరున్నర లక్షల మంది, మూడు నెలలు, సుమారు 2 కోట్ల వెతుకులాటలు. పరిశోధకులకు పనికొస్తాయన్నది ఉద్దేశం. పేర్లు తీసేసి ఒక్కొక్కరికీ ఒక నంబరు తగిలించారు కాబట్టి ఎవరి గుట్టూ బయటపడదన్న ధీమా. కొద్ది రోజులు తిరక్కుండానే న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఒక నంబరు వెనక ఉన్న మనిషిని పట్టుకున్నారు. ఆమె జార్జియా రాష్ట్రంలో ఉంటున్న, అరవై దాటిన వితంతువు.

పట్టుకోవడానికి పెద్ద సాంకేతిక విద్యేమీ అక్కర్లేకపోయింది. ఆమె తమ ఊళ్లో తోటపని చేసేవాళ్ల కోసం వెతికింది. తన ఇంటిపేరే ఉన్న మరికొందరి కోసం వెతికింది. ఊరు, ఇంటిపేరు రెండూ తెలిశాక మన గుంటూరులోనైనా కరీంనగర్‌లోనైనా మనిషిని పోల్చుకోవడానికి ఎంతసేపు? ఇంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. ఆ జాబితాలో రకరకాల జబ్బుల పేర్లున్నాయి. చూసినవాళ్లు పాపం ఈవిడకి ఇన్ని రోగాలా అనుకుంటారు. నిజానికి వాటిలో చాలా ఆమె స్నేహితుల జబ్బులు. వాళ్లకు సాయంగా ఆమె వెతికి చెప్పేది. అంటే ఆ చిట్టా మనిషిని పట్టివ్వగలిగింది కానీ, మనిషి గురించి నిజం చెప్పలేకపోయింది. ఏఓఎల్ వెంటనే ఫైలు తీసేసింది. ముఖ్య సాంకేతికాధికారి రాజీనామా చేశారు, ఇద్దరు ఉద్యోగులను ఇంటికి పంపారు. అప్పటికే దాని నకళ్లు నెట్‌లో చేరిపోయాయి. అవి వెనక్కి రాలేదు.

మన వెతుకులాటలు ఎవరో రాసి దాచుకుంటుంటే జనానికి పట్టింపు ఉందా? సర్వేలను అడిగితే ఉందనే అంటాయి. 2012లో ప్యూ రీసెర్చ్ సెంటర్ అమెరికాలో ఈ ప్రశ్న వేసింది. తమ వెతుకులాటలను గుర్తుపెట్టుకుని, వాటిని బట్టి ఫలితాలు మార్చి చూపడం సొంత విషయాల్లోకి చొరబడటమేనని, అందుకు తాము ఒప్పుకోమని సెర్చ్ వాడేవారిలో 73 శాతం చెప్పారు. అదే సర్వేలో, తాము ఎక్కువగా వాడేది గూగులేనని 83 శాతం చెప్పారు. ఇక్కడే కంపెనీల తరఫు వాదులు పట్టుకుంటారు: నోటితో వద్దంటారు, చేత్తో వాడతారు, కాబట్టి జనానికి నిజంగా పట్టింపు లేదని.

ఈ వాదనలో బలం తక్కువ. తమ గురించి సేకరించే సమాచారాన్ని ఎలా తగ్గించుకోవాలో కాస్తో కూస్తో తెలుసన్నవాళ్లు ఆ సర్వేలోనే 38 శాతం. తలుపు ఎటుందో తెలియని వాణ్ని లోపలే ఉన్నావంటే ఇష్టపడే ఉన్నావనడం న్యాయం కాదు. పైగా సెర్చ్ మానుకుని బతికే వీలు ఇప్పుడెవరికుంది? పిల్లల పరీక్ష ఫలితాల నుంచి పింఛను దరఖాస్తు దాకా దారి అదే. డాక్టరుగారు రాసిచ్చిన మాత్ర దేనికో ఆయన్ని అడగడానికి మొహమాటపడి, బయటికొచ్చి గూగుల్‌ని అడిగే జనం మనం.

దాచుకోవడం వల్ల ఉపయోగమే లేదనలేం. తప్పుగా టైపు చేసినా సరైన మాట సూచించేది, తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో తోచినట్టు రాసినా అర్థం చేసుకునేది కోట్లమంది పాత వెతుకులాటల నుంచి నేర్చుకున్న తెలివితోనే. మోసపు క్లిక్కులను పసిగట్టడానికీ అవే ఆధారం. అయితే ఈ పనులకు లెక్కలు కావాలి. ఫలానా మనిషి ఫలానా రాత్రి ఏం వెతికాడన్నది ఏళ్ల తరబడి అక్కర్లేదు.

ఈ మాట కంపెనీలే ఒకప్పుడు ఒప్పుకున్నాయి. ఏఓఎల్ గొడవ తర్వాత, ఐరోపా నియంత్రకుల ఒత్తిడి పెరిగాక, వెతుకులాటలను దాచే గడువు తగ్గించడంలో పోటీలు పడ్డాయి. 2007లో గూగుల్ 18 నెలలంది, మరుసటి ఏడాది ఐపీ చిరునామాల విషయంలో 9 నెలలకు దిగింది. 2008 చివర్లో యాహూ ఏకంగా 90 రోజులంది. 2011లో అదే యాహూ మళ్లీ 18 నెలలకు ఎగబాకింది. కంపెనీ దయతలచి ఇచ్చిన గడువును కంపెనీయే వెనక్కి తీసుకోగలదు. 2020లో గూగుల్ కొత్త ఖాతాల్లో వెతుకులాటల చరిత్ర 18 నెలలకు దానంతటదే చెరిగిపోయేలా మార్చింది. పాత ఖాతాదారులు మాత్రం సెట్టింగుల్లోకి వెళ్లి తామే పెట్టుకోవాలి. ఎంతమంది వెళ్తారన్నది ఊహించుకోవచ్చు.

దాచినవి ఉంటే అడిగేవాళ్లూ ఉంటారు. 2020 ఆగస్టులో అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో ఒక ఇంటికి నిప్పుపెడితే సెనెగల్ నుంచి వలసొచ్చిన కుటుంబంలో అయిదుగురు చనిపోయారు. దుండగులెవరో తెలియక పోలీసులు, అంతకుముందు 15 రోజుల్లో ఆ ఇంటి చిరునామా వెతికినవాళ్లందరి వివరాలు కావాలని గూగుల్‌కు వారెంటు పంపారు. నిందితులు దొరికారు. అంత ఘోరం చేసినవాళ్లు దొరికినందుకు ఎవరు బాధపడతారు? అయినా ఆ పద్ధతి మామూలుది కాదు. అనుమానితుడు ముందు, సోదా తర్వాత అన్న వరస ఇక్కడ తిరగబడింది. 2023 అక్టోబరులో కొలరాడో సుప్రీంకోర్టు ఆ సాక్ష్యాన్ని అనుమతిస్తూనే, సెర్చ్ చరిత్రపై మనిషికి గోప్యత హక్కుందని ఒప్పుకుంది. ఇవాళ ఇంటి చిరునామా అడిగారు. రేపు ఒక మందు పేరో, ఒక నిరసన సభ పేరో అడిగితే? 2013లో అమెరికా ప్రభుత్వ నిఘా గుట్టు విప్పిన స్నోడెన్ వెల్లడింపుల తర్వాత, ప్రభుత్వం దృష్టిలో పడతామనిపించే మాటలు వెతకడం తగ్గిందని పరిశోధకులు గమనించారు. చూస్తున్నారని తెలిస్తే జనం అడగడమే మానేస్తారు.

ఇక మన సంగతి. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఆరేళ్లకు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నిబంధనలొచ్చాయి. కంపెనీల బాధ్యతల్లో ఎక్కువ భాగం అమలయ్యేది 2027లో. అవసరం తీరిన డేటాను చెరిపేయాలని చట్టం చెబుతోంది. అవసరం తీరిందో లేదో తేల్చేది ఎవరు? మొదటగా ఆ కంపెనీయే. వినియోగదారు మూడేళ్లు అటు రాకపోతే డేటా తీసేయాలన్న నిర్దిష్ట గడువు పెద్ద ఈ-కామర్స్, ఆన్‌లైన్ గేమింగ్, సోషల్ మీడియా సంస్థలకు పెట్టారు. సెర్చ్ ఇంజిన్లు ఆ జాబితాలో లేవు. మరోవైపు, ప్రభుత్వం అడిగితే ఇవ్వడానికి వీలుగా వ్యక్తిగత డేటాను, దాని లాగ్‌లను కనీసం ఏడాది ఉంచి తీరాలన్న నిబంధన మాత్రం ఉంది. తాను నోటిఫై చేసిన తన సంస్థలకు చట్టం నుంచే మినహాయింపు ఇచ్చుకునే అధికారాన్ని కేంద్రం అట్టేపెట్టుకుంది.

ఇంతకన్నా తక్కువ ఉంచకూడదని రాయడానికి తోచినవాళ్లకు, ఇంతకన్నా ఎక్కువ ఉంచకూడదని రాయడం కష్టమేమీ కాదు. నిబంధనలు పూర్తిగా అమల్లోకి వచ్చేలోగా కేంద్రం సెర్చ్ ఇంజిన్లను కూడా ఆ జాబితాలో చేర్చి, వాటికి గరిష్ఠ గడువు పెట్టాలి. రోజూ వాడేవాళ్ల పాత చిట్టాకూ అది వర్తించాలి.