పరుల మేఘము

ఎండలకు పేరుపడిన రెంటచింతలలో రైతు మేఘము కొరకు ఆకసమువంక చూచుట అనాదిగా నున్నదే. నేడు విద్యావంతులగు మన యువకులు మరియొక మేఘమును వెదకుచున్నారు. మిరపరైతు లెక్కలకో, గుంటూరు యార్డు ధరవరలకో స్టార్టప్ స్థాపింపబూనినవానికి మొదటి ప్రశ్న, డేటాను ఎవరి క్లౌడునం దుంచవలయునన్నది. అమెజాను, గూగులు, మైక్రోసాఫ్టులు ఉచిత క్రెడిట్లు చూపి పిలుచుచున్నవి. ఉచితమనగనే సంతకము చేయువారే కాని షరతులు చదువువా రరుదు.

2025 జులైలో నేమి జరిగినది? గుజరాతునందలి వాడినారులో చమురుశుద్ధి కర్మాగారము నడుపు నయారా ఎనర్జీపై, అందు రష్యా కంపెనీకి వాటా కలదని, ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించెను. మన ప్రభుత్వము విధింపలేదు. మన న్యాయస్థానము తీర్పు చెప్పలేదు. అయినను అమెరికా కంపెనీయగు మైక్రోసాఫ్టు సేవలను నిలిపివేసెను. రుసుము చెల్లించియు తన డేటా తనకే అందలేదని నయారా ఢిల్లీ హైకోర్టు నాశ్రయించెను. పిమ్మట గాని సేవలు తిరిగి రాలేదు. అది గొప్ప సంస్థ గనుక కోర్టు కెక్కగలిగినది. రెంటచింతల యువకునకు ఆ శక్తి యెక్కడిది?

అమెజాను 2022 నుండి హైదరాబాదులోనే సర్వర్లు నడుపుచున్నది గదా యని కొందరందురు. కొట్టు మన వీధిలో నున్నంతనే తాళపుచెవి మనచేత నున్నట్లగునా? 2018 నాటి అమెరికా క్లౌడు చట్టము ప్రకారము, డేటా ఏ దేశమున నున్నను, అచ్చటి అధికారులు చట్టబద్ధమగు ఉత్తరువుతో తమ కంపెనీలచే దానిని తెప్పించుకొనగలరు.

ఈ పాఠము పలనాటికి క్రొత్తది కాదు. తమ యడవిలో తమ పశువులు మేయుటకు పుల్లరి యేల యని యెదిరించిన కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకిగుండ్లకు నేలకొరిగెను. తమ సొత్తును తా మనుభవించుటకు పరుని యనుమతి వేడుటయే బానిసత్వము.

స్వదేశి యన్నంతనే గ్రుడ్డిగా గొనుమని మేము చెప్పము. హైదరాబాదు కంట్రోల్‌ఎస్ నైనను, ఢిల్లీ ఈటూఈ నెట్‌వర్క్స్ నైనను ఈ మూడు ప్రశ్నలే యడుగుడు: సేవ నిలుపుటకు ముందు నోటీసు ఎన్నినాళ్లు? డేటా తీసికొనిపోవుటకు రుసుమెంత? వివాదము ఏ న్యాయస్థానమున తేలును? ఎవరిని ఎన్నుకొన్నను లినక్సు, పోస్ట్‌గ్రెస్ వంటి స్వేచ్ఛా సాధనములపైననే పని కట్టుడు. ఒక నకలు వేరొకచోట భద్రపరచుడు. వెడలిపోవు దారి యున్నవాడే స్వతంత్రుడు.

యోగ్యత సమానమైనచో స్వదేశికే మొదటి పీట వేయుడు. ప్రభుత్వమును తన కొనుగోళ్లలో నిట్లే చేయవలయును. ఆదరణ లేనిదే ఏ పరిశ్రమయు బలపడదు. పంట మనది, గాదె తాళము మనచేతనే యుండవలయును.